తమ్ముడి మీద పోతరాజుకు ఫిర్యాదు

ఆషాఢం ఆఖరి ఆదివారం, ఇంకా కోడి కూయకముందే బాలమణి ఇంట్లో అత్తాకోడళ్ళ మధ్య పేచీ మొదలైంది. బోనం ఎత్తడం గురించి కాదు, ఏ వేళకు ఎత్తాలన్నదాని గురించి.

బాలమణి అప్పటికే తలస్నానం చేసి, జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, పొయ్యి మీది బెల్లపన్నం దించేసింది. బిందెకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మెడకు వేపకొమ్మలు కట్టింది. వెలుగు రాకముందే నల్లపోచమ్మ గుడికి పోయి, నైవేద్యం అప్పగించి, ఎవరి కంటా పడకుండా ఇంటికి వచ్చేయాలని ఆమె ఆలోచన. గడిచిన రెండేళ్ళూ అలాగే చేసింది. ఈసారి, కొడుకు పని మీద ఊళ్ళో లేని పూట, కొత్త కోడలు సౌజన్య అడ్డం తిరిగింది.

"నేను రాను అత్తమ్మా."

"రాకపోతే ఎట్ల బిడ్డా? పెండ్లయినంక నీకిది మొదటి బోనం."

"అందుకే రానంటున్న. మా జనగామల దోస్తులందరు ఏమన్నరో ఎరికేనా? పట్నం కోడలివైతున్నవ్, ఏడాదికొక్కసారి బోనాలు కండ్లార జూస్తవ్ అన్నరు. డప్పుల్లేకుంట, పోతరాజు లేకుంట, చీకట్ల గోడలు తడుముకుంట పోయి పెట్టొస్తే అది బోనమెట్లయితది? దొంగసొమ్ము దాసిపెట్టి వచ్చినట్టుంటది."

వాకిట్లో పళ్ళు తోముకుంటున్న బాలమణి భర్త బిక్షపతికి నవ్వొచ్చింది. పెళ్ళాం అటు తిరిగి చూసేసరికి నవ్వును నురుగుతో పాటు ఉమ్మేశాడు.

"నవ్వు, నవ్వు. కోడలిని ఎగేసింది నువ్వే" అంది బాలమణి.

"నాకేం ఎరికలేదు. నన్ను నడిమిట్లకు గుంజకు" అన్నాడు బిక్షపతి. పెళ్ళైన నాటి నుంచీ ఇంట్లో ఏ గొడవ జరిగినా ఆయన అనే మాట అదొక్కటే.

బాలమణి బిందె ముందు చతికిలబడింది. కోడలి మాటలో తప్పు లేదని ఆమెకూ తెలుసు. అమ్మవారంటే పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ. ఆడబిడ్డను చూడబోయేవాళ్ళు మేళంతో పోతారు గానీ పిల్లిలా పోతారా? కానీ డప్పులతో పోవాలంటే ముందు పోతరాజు ఇంటి ముందుకు రావాలి. ఆ గల్లీకి పోతరాజు వేషం కట్టేది ఎవరో కాదు, బాలమణి తమ్ముడు జహంగీర్. ఆ తమ్ముడితో ఆమెకు మూడేళ్ళుగా మాటల్లేవు.

చాలాకాలం మగపిల్లాడు నిలవక, వాళ్ళమ్మ జహంగీర్ పీర్ దర్గాలో మొక్కుకుంటే పుట్టినవాడు. అందుకే ఆ పేరు. వాడికి పాలపళ్ళు ఊడకముందే ఆ తల్లి కన్నుమూసింది. అప్పటికి బాలమణికి ఓణీ వయసు కూడా రాలేదు. పీట వేసుకుని నిలబడితే గానీ పొయ్యి మీది గిన్నె అందేది కాదు. అలా నిలబడే వండింది, తమ్ముణ్ణి పెంచింది. తర్వాత మిరపకాయ బజ్జీల బండి పెట్టి వాడికి పెళ్ళి కూడా చేసింది. ఇప్పుడు వాడు మొజంజాహీ మార్కెట్ దగ్గర ఒక ఐస్‌క్రీం దుకాణంలో సీతాఫలాల గుజ్జు తీసే పని చేస్తాడు. ఏడాదంతా మెత్తగా, చల్లగా ఉండే మనిషి. ఆషాఢం వస్తే మాత్రం ఒంటినిండా పసుపు, నడుముకు వేపమండలు, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కొరడా. ఏడుగురు అమ్మవార్లకూ ఒక్కగానొక్క తమ్ముడైన పోతరాజు వాడి మీదికి వచ్చాడంటే గల్లీలో పెద్ద పెద్ద వస్తాదులు కూడా అరుగులెక్కేవాళ్ళు.

మూడేళ్ళ కిందట ఇదే పండగ నాడు, ఇదే వాకిట్లో పదిమంది విస్తళ్ళ ముందు కూర్చున్నారు. బాలమణి మటన్ కూర వడ్డించింది. జహంగీర్ ఒక ముద్ద తిని, నాలుక చప్పరించి, "ఏంది అక్కా, అమ్మ వండినట్టు లేదు" అన్నాడు. బాలమణికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వు మాత్రం మునుపటి పోతరాజు లెక్కనే ఉన్నవారా? గజ్జెలు ఊగాల్సిన కాడ పొట్ట ఊగుతున్నది" అంది. విస్తళ్ళ ముందున్న వాళ్ళందరూ పొలమారేటట్టు నవ్వారు. జహంగీర్ చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. "నీతోని మాట్లాడితే ఒట్టు" అని ఆమె, "నీ ఇంట్ల ముద్ద ముడితే ఒట్టు" అని వాడు. అంతే. మొన్న మేనల్లుడికీ సౌజన్యకూ జరిగిన పెళ్ళికి వచ్చి అక్షింతలు వేశాడు గానీ భోజనానికి కూర్చోలేదు. ఆ రోజు బాలమణి పెళ్ళివారి సందడిలో మూడుసార్లు సామాన్ల గదిలోకి పోయి కళ్ళు తుడుచుకుని వచ్చింది.

"సరే" అంది చివరికి, బిందె వైపు చూస్తూనే. "డప్పులతోనే పోదాం. కని పోతరాజు కాళ్ళు నువ్వు కడుగు. నేను బయటికి రాను."

సౌజన్య ఎగిరి గంతేసి పట్టుచీర తీయడానికి లోపలికి పరిగెత్తింది.

*

ఎండ అరుగుల మీదికి వచ్చేసరికి గల్లీ మొదట్లో డప్పులు మోగాయి. ఇంటింటి ముందూ ముగ్గులు, గుమ్మాలకు వేపమండలు. ఆడవాళ్ళు బోనాలు దించి పెట్టుకుని, జడల్లో పూలు సర్దుకుంటూ వరసగా నిలబడ్డారు. సౌజన్య బోనం మీద మూతగా చిన్న మట్టి గురిగి, గురిగి మీద ప్రమిద, ప్రమిదలో దీపం. ఆ పిల్ల మాటిమాటికీ వత్తి ఎగదోస్తూ ఉంది.

డప్పుల వెనక ఈలలు, ఈలల ముందు జహంగీర్. పసుపు ముద్దలాంటి ఒళ్ళు, ఎర్రటి ధోతి, కళ్ళకు మందంగా కాటుక, పళ్ళ మధ్య నిమ్మకాయ. కొరడా గాల్లో తిప్పి చెళ్ళుమనిపిస్తే పిల్లలు కేకలేస్తూ వెనక్కి పారిపోతున్నారు, మళ్ళీ ముందుకు వస్తున్నారు. ఒక్కో ఇంటి ముందు ఆగుతున్నాడు. ఆ ఇంటి పెద్దామె చెంబుతో పసుపునీళ్ళు కాళ్ళ మీద పోసి, బొట్టు పెట్టి మొక్కుతోంది. ఆమె వెనకే ఆ ఇంటి బోనం లేచి వరసలో చేరుతోంది.

బాలమణి ఇంటి దగ్గరికి వచ్చేసరికి డప్పుల వాళ్ళ చేతులు తమంతట తామే నెమ్మదించాయి. సంగతి వాళ్ళకూ తెలుసు. సౌజన్య చెంబు పట్టుకుని ముందుకొచ్చింది.

"ఆగు పిల్లా" అంది పక్కింటి గంగవ్వ. ఆ గల్లీలో అందరికంటే పెద్దది. బోనాల పద్ధతుల్లో ఆమె మాటకు తిరుగులేదు. "ఇంటి పెద్ద ఉండంగ కోడలు పొయ్యొద్దు. ఏదీ మీ అత్త?"

"లోపలున్నది అవ్వా. రానంటున్నది."

"రానంటదా! బాలమణీ! అమ్మవారి తమ్ముణ్ణి వాకిట్ల నిలవెట్టి పొయ్యి కాడ గూసుంటవా? బయటికి రా!"

గంగవ్వ గొంతుకు డప్పులు కూడా ఆగిపోయాయి. బాలమణి కొంగు నడుముకు దోపుకుంటూ బయటికి వచ్చింది. వాడి ముఖం చూడలేదు. పాదాల వైపే చూసింది. జహంగీర్ కూడా ఎదురింటి మేడ మీద ఎండుతున్న బట్టలను శ్రద్ధగా చూస్తున్నాడు.

"పొయ్యి నీళ్ళు" అంది గంగవ్వ. "ఏమన్న చెప్పుకునేదుంటే చెప్పుకో. పోతరాజుకు చెప్తే అమ్మవారికి చెప్పినట్టే."

"నేను నా తమ్మునితోని మాట్లాడనని ఒట్టు వెట్టుకున్న అవ్వా."

"ఈడ నీ తమ్ముడేడున్నడే? ఈయన అమ్మవారి తమ్ముడు. నీకూ ఈయనకూ ఏం సుట్టరికం?"

గల్లీ అంతా గొల్లున నవ్వింది. బాలమణి ఒక్క నిమిషం ఆలోచించింది. అవ్వ మాటలో ఒట్టు చెడని దారి ఒకటి కనబడింది. తల ఎత్తి, పోతరాజు నుదుటి బొట్టును చూస్తూ మొదలుపెట్టింది.

"అయితే ఇను పోతరాజా. నాకొక తమ్ముడున్నడు."

జహంగీర్ నోట్లోని నిమ్మకాయ తీసి చేత్తో పట్టుకున్నాడు. గొంతు బొంగురు చేసుకుని, "చెప్పు తల్లీ" అన్నాడు.

"వాడు ఐస్‌క్రీం దుకాణంల పని చేస్తడు. పొద్దుమాపు తీపి నాకి నాకి వాని నాలుకకు కారం రుచి తెల్వకుంటైంది."

డప్పుల వాళ్ళలో ఒకడు ఉండబట్టలేక టక్కున ఒక దెబ్బ కొట్టాడు. జహంగీర్ వాడి వైపు గుడ్లురిమి చూశాడు.

"వాడు పదిమంది ముందర నా కూర అమ్మ వండినట్టు లేదన్నడు. అమ్మ పోయిన్నాడు వాడు గింత. వానికి అమ్మ కూర యాడ యాదికున్నది? పీటెక్కి వండింది నేను, చేతులు కాలవెట్టుకున్నది నేను. ఆ ముద్దలు తిని గింతెత్తు పెరిగి నాకే వంకలు వెట్టిండు. ఇది న్యాయమేనా, నువ్వే చెప్పు."

పోతరాజు కొరడాను భుజం మీద వేసుకున్నాడు. "నీ తమ్ముడు గూడ నాకొక మాట చెప్పుకున్నడు తల్లీ."

"ఏమని?"

"వాని పొట్ట మీద అక్క జోకేసిందట. ఆ దినం కెల్లి ఏ గల్లీకి బోయినా పిలగాండ్లు పోతరాజు అంటలేరట. 'పొట్టరాజు, పొట్టరాజు' అనుకుంట ఎంటవడ్తున్నరట."

ఈసారి నవ్వు గల్లీ చివరి దాకా పాకింది. గంగవ్వ బోసినోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బాలమణి పెదవి గట్టిగా కొరుక్కుంది, నవ్వితే ఓడిపోయినట్టే మరి.

"నేనన్న మాట నిజమే. కని ముందుగాల అన్నది వాడు. అది పోనీ, మొన్న పెండ్లికొచ్చి విస్తరి ముందర గూసోకుంట పోయిండు. మేనమామ తినకుంట పోతే నా కడుపు ఎంత రగిలిందో ఈయన్ని అడుగు."

"నన్ను నడిమిట్లకు గుంజకు" అన్నాడు బిక్షపతి గుమ్మంలోంచి.

జహంగీర్ తల వంచాడు. కాలితో నేల రాశాడు. గజ్జెలు సన్నగా మోగాయి. "తినకపోవుడు వాని తప్పే తల్లీ" అన్నాడు. బొంగురు గొంతు సగం దారిలోనే పలచబడింది. "కని వాడు యాడికీ పోలే. ఫంక్షన్ హాల్ బయట బండి మీదనే గూసున్నడు. లోపలికెల్లి బగారన్నం వాసనొస్తున్నది. ఎవరన్న వచ్చి తినుపో అంటరేమోనని చానసేపు జూసిండు. ఎవ్వరు రాలే."

నవ్విన వాళ్ళు నవ్వు ఆపేశారు. బాలమణి తల వంచుకుని నీళ్ళు పోయడానికి చెంబు ఎత్తింది. ఎత్తిన చెయ్యి మణికట్టు దగ్గర కలుక్కుమంది. చెంబు జారి రాతి మీద ఠంగుమని పడి, నీళ్ళన్నీ డప్పుల వాళ్ళ కాళ్ళ మీదికి చిమ్మాయి. ఆమె చటుక్కున చేతిని కొంగులో దాచుకుంది.

"అక్కా! చెయ్యికేమైంది?"

అది పోతరాజు గొంతు కాదు. జహంగీర్ గొంతే.

"ఏం కాలేదు."

"ఏం కాకపోవుడేంది" అని మధ్యలోకి వచ్చింది సౌజన్య. "చిన్నమామా, ఆ మణికట్టు ఏండ్ల సంది నొస్తున్నదట. బజ్జీలకు పిండి కలిపి కలిపి అట్లయింది. రోలు ముందర గూసోనీకే రాదు. మసాలా మిక్సీల పడ్తది, ఎవ్వరికీ చెప్పొద్దంటది."

"నోరు మూస్కో పొల్లా, నడి బజార్ల…"

"మిక్సీలనా?" జహంగీర్ కొరడా కింద పెట్టేశాడు. "ఆ దినం గూడ మిక్సీలనేనా?"

బాలమణి వంగి చెంబు తీసుకుంటూ అవునన్నట్టు తల ఊపింది.

"గదే అక్కా! నేనన్నది గదే. ధనియాలు, కొబ్బరి రోట్ల నూరితే ఒచ్చే వాసన ఆ దినం లేదు. ఇంట్ల వేరే ఎవరో వండిన్రేమో అనుకున్న." వాడు రెండడుగులు దగ్గరకు వచ్చాడు. "నాకు అమ్మ మొకమే యాదికి లేదు. అమ్మ కూర యాడికెల్లి యాదుంటది? నేను మారాం జేస్తే, 'అచ్చం అమ్మ వండినట్టే వండిన, తిను' అని ముద్దలు వెట్టింది నువ్వే గదా. నాకు అమ్మ కూరంటే నీ కూరనే."

బాలమణి ముఖం కొంగులో దాచుకుంది. మూడేళ్ళుగా ముల్లులా గుచ్చుకున్న మాట అది. ఎన్ని రాత్రులో దాన్ని తిరగేసి బోర్లేసి చూసింది గానీ, దాన్ని ఇలా చదువుకోవచ్చని ఆమెకు తట్టనే లేదు. గంగవ్వ ఆమె వీపు మీద చెయ్యి వేసి, "ఏడ్వకు, పండుగ పూట. ముక్కు తుడ్సుకో" అంది.

అంతలో గుడి దగ్గర మైకు గరగరమంది. "నల్లపోచమ్మ గల్లీ బోనాలు ఏడున్నయ్? పోతరాజు ఏడ ఆగిండు? పక్క బస్తీ బోనాలు వచ్చేసినయ్. దయచేసి తొందరగా రావాలని కమిటీ తరఫున…"

"ఒస్తున్నడని చెప్పుండ్రి! ఇంటి పంచాయితి తెంపుకొని ఒస్తడు!" అని గంగవ్వ అరిచింది, గుడి వాళ్ళకు వినబడుతుందన్నట్టు.

బాలమణి కళ్ళు తుడుచుకుని మళ్ళీ చెంబు నింపుకొచ్చింది. ఈసారి సౌజన్య కూడా ఒక చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి పోతరాజు పాదాలు కడిగారు. బాలమణి తమ్ముడి నుదుట కుంకుమ పెడుతూ మెల్లగా, "కొద్దిగ పొట్ట తగ్గినట్టుందిరా" అంది.

"లే, పసుపు ఎక్కువ పూసుకున్న. కనవడ్తలేదు" అన్నాడు వాడు.

*

గుడి దారి పొడుగునా ఇసుక వేస్తే రాలనంత జనం. సౌజన్య తల మీద బోనం, పైన దీపం. పక్కనే బాలమణి చెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తోంది. మలుపు దగ్గర పక్క బస్తీ కుర్రాళ్ళు తీన్‌మార్ స్టెప్పులు వేస్తూ వెనక్కి తూలారు. జనం ఒక్కసారి మీదికి విరుచుకుపడింది. బోనం పక్కకు ఒరిగింది. సౌజన్య "అత్తమ్మా!" అని కేక వేసింది.

జహంగీర్ కొరడా ఎత్తే సందు కూడా లేదు. ఒక్క గెంతులో వచ్చి జనానికీ కోడలికీ నడుమ నిలబడ్డాడు. రెండు చేతులూ చాచి, పొట్ట ముందుకు పెట్టి గోడలా నిలిచాడు. తూలి వచ్చిన వాళ్ళు ఆ పొట్టకు తగిలి మెత్తగా వెనక్కి పోయారు. బోనం కుదురుకుంది. దీపం ఊగింది గానీ ఆరలేదు.

"జూసినవా అక్కా! దీనికి గూడ పనుంది!" అని అరిచాడు జహంగీర్, పొట్ట మీద చరుచుకుంటూ.

మూడేళ్ళ తర్వాత బాలమణి నోరారా నవ్వింది. ఆ నవ్వుతోనే గుడి మెట్లెక్కింది. అమ్మవారి ముందు సౌజన్య బోనం దించి, వేపాకులు వేసిన పసుపునీళ్ళ సాక పోసి, కళ్ళు మూసుకుంది. బాలమణి కళ్ళు మూసుకోలేదు. పసుపు ముద్దలా మెరుస్తున్న పోచమ్మ ముఖంలోకి నిండుగా చూస్తూ, "మొత్తానికి వాన్ని మాట్లాడిచ్చినవు తల్లీ" అనుకుంది.

*

మధ్యాహ్నం ఇంట్లో అందరూ మటన్ ముక్కలు కడుగుతుంటే, జహంగీర్ పెరట్లో రోలు ముందు కూర్చున్నాడు. గజ్జెలు విప్పాడు గానీ స్నానానికి ఆగలేదు. సాయంత్రం అమ్మవారి నైవేద్యాలు ఊరేగించే ఫలహారం బండి ముందు మళ్ళీ ఆడాలి. ఒళ్ళంతా పసుపుతో, నడుము చుట్టూ వాడిన వేపాకులతో ధనియాలు, కొబ్బరి నూరుతున్నాడు. గోడ మీది నుంచి పిల్లలు తొంగిచూసి, "పోతరాజు మసాలా నూరుతున్నడు!" అని ఊరంతా చాటారు.

"మెల్లగ నూరురా. అది రోలు, జనం కాదు" అంది బాలమణి పీట మీద కూర్చుని.

"ఇంకెంత సేపు అక్కా?"

"వాసనొచ్చేదాంక. నేను చెప్తనే ఉంట, నువ్వు నూర్తనే ఉండు."

"అందుకే అందరు పోతరాజుకు భయపడ్తరు, పోతరాజేమో అక్కకు భయపడ్తడు" అన్నాడు బిక్షపతి. ఇన్నేళ్ళలో ఆయన తనంతట తాను నడిమిట్లోకి రావడం అదే మొదలు.

విస్తళ్ళు వేశారు. డప్పుల వాళ్ళు, గంగవ్వ, జహంగీర్ భార్య సరోజ, పిల్లలు అందరూ కూర్చున్నారు. బాలమణి ఎడమ చేత్తో గిన్నె ఆనించుకుని, తమ్ముడి విస్తరిలో కూర వేసింది. వాడు ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. అందరి చేతులూ ఆగిపోయాయి. సరోజ మొగుడి మోకాలి మీద గిల్లింది, జాగ్రత్తగా మాట్లాడమని.

జహంగీర్ నమిలాడు, మింగాడు, అక్క వైపు చూశాడు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.

బాలమణి గరిటెతో వాడి నెత్తి మీద ఒకటి మొట్టి, లోపలికి పోయి ఉప్పు డబ్బా తెచ్చింది. అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలి తినడం మొదలుపెట్టారు.

తిన్నాక జహంగీర్ వాకిట్లోనే చాప మీద ఒరిగాడు. పడుకునే ముందు, "రేపు సెలవు వెడ్త. నీ చెయ్యి డాక్టరుకు సూపిద్దాం" అన్నాడు.

"డాక్టరెందుకురా? పుత్తూరు కట్టు కట్టిస్తే పోతది."

"ఇరిగిన బొక్కకు కడ్తరక్కా పుత్తూరు కట్టు. నీది నరం."

"నీకెట్ల ఎరిక? సీతాఫలంల నరాలుంటయా?"

"ఉంటయ్. నువ్వెన్నడన్న గుజ్జు తీసినవా?"

ఇద్దరూ అలా వాదించుకుంటూనే ఉన్నారు. గంగవ్వ తాంబూలం నములుతూ, వీళ్ళు మాట్లాడకుండా ఉన్నప్పుడే గల్లీ ప్రశాంతంగా ఉండేదని సౌజన్యతో అంది. సౌజన్య నవ్వుతూ, జనగామలో దోస్తులకు ఫోన్ చేయడానికి మేడ మెట్లెక్కింది.